ఒక్క దగ్గు సీసా ఇంటిల్లిపాదికీ పనికిరాదు

ప్రశ్న: సార్, నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె. వారం సంది మా ఇంట్ల అందరికి సర్ది, దగ్గు. మా అత్తమ్మకు 62 ఏండ్లు, బీపీ, షుగర్ ఉన్నయి. మా ఆయన ట్రాక్టర్ మీద వడ్లు మిర్యాలగూడ మిల్లులకు కొడ్తడు, రాత్రిళ్లు గూడ పోతడు. పాపకు ఆరేండ్లు, బాబుకు ఏడాదిన్నర. మెడికల్ షాపుల అడిగితే ఒక దగ్గు సీసా, కాయితంల చుట్టి గోలీల సెట్లు ఇచ్చిన్రు. ఆ సీసనే అందరం తాగుతున్నం. పిల్లలకు సగం చెంచా పోస్తున్న. దగ్గు మందు తాగి పిల్లలు సచ్చిపోయిన్రని టీవీల చూసినప్పటి సంది భయమైతుంది. పోయొచ్చా, పోయొద్దా? అత్తమ్మ ఏమో ఆ గోలీలు ఏస్కుంటెనే నిద్ర పడ్తదంటది. ఎవరికి ఏది, ఎంత, జర చెప్పుండ్రి.

సమాధానం: అమ్మా, ముందు బాబు సంగతి చెప్పుకుందాం. ఆ సీసా బాబుకు ఈ పూట నుంచే ఆపేయండి. సగం చెంచా కాదు, పావు చెంచా కూడా వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు అని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025 అక్టోబర్ 3న అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఐదేళ్లలోపు వాళ్లకు కూడా మామూలుగా ఇవి వాడదగినవి కావని అందులోనే ఉంది. అంతకుముందు 2023 డిసెంబర్‌లో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సర్ది చుక్కల మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీద అచ్చు వేయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ కంపెనీలను ఆదేశించింది.

ఇందుకు కారణం ఉంది. సర్ది అనేది వైరస్ వల్ల వచ్చేది. రెండు మూడు రోజులు ముదురుతుంది, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు సాగొచ్చు. ఏ సీసా కూడా ఆ రోజుల్ని తగ్గించదు. పెద్దవాళ్లకు కాస్త ఉపశమనం ఇస్తుందేమో గానీ, చిన్నపిల్లల్లో పరీక్షించి చూస్తే ఈ మందులు ఉత్త తీపి నీళ్లకంటే మెరుగని తేలలేదు. మేలు లేకపోగా కీడు ఉంది. పసివాడి గాలి గొట్టాలు సన్నగా ఉంటాయి. అందులో చేరిన తెమడను బయటికి తోయడానికి వాడికున్న దారి దగ్గు ఒక్కటే. దగ్గును అణిచే మందు పోస్తే తెమడ లోపలే నిలుస్తుంది. మత్తునిచ్చే మందు ఎక్కువైతే ఊపిరి కూడా మందగిస్తుంది. కొందరు పిల్లలు దీనికి ఎదురుగా, నిద్ర లేకుండా గింజుకుంటూ ఏడుస్తారు.

ఇన్నాళ్లు పోసినందుకు కుమిలిపోకండి. బాబు ఆడుకుంటూ, పాలు తాగుతూ, ఎప్పటిలాగే మూత్రం పోస్తుంటే ఆపేస్తే సరిపోతుంది. మూత్రం బాగా తగ్గినా, వాంతులు ఆగకపోయినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా ఆ సీసాను చేతపట్టుకుని దవాఖానకు వెళ్లండి. ఏ మందు, ఎంత పోశారు అన్నది డాక్టరుకు సీసా చూస్తేనే తెలుస్తుంది.

మరి బాబుకు ఏం చేయాలి? ముక్కు దిబ్బడే వాడి అసలు బాధ. ముక్కు మూసుకుపోతే పాలు తాగలేడు, పడుకోలేడు. మెడికల్ షాపులో సెలైన్ ముక్కు చుక్కలు అని అడగండి. అది ఉప్పు నీరే, అందులో మందేమీ ఉండదు. బాబును వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు వేసి, నిమిషం ఆగి, మెత్తటి బట్ట కొసతో తుడవండి. పాలిచ్చే ముందు, పడుకోబెట్టే ముందు ఇలా చేస్తే తేడా మీకే కనిపిస్తుంది. రాత్రి దగ్గుకు అర టీస్పూన్ తేనె, అంటే 2.5 ఎంఎల్, నాకించవచ్చు. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె వేలితో కూడా రాయకూడదు. బొటులిజం అనే జబ్బు రావొచ్చు, అది ప్రాణాంతకం. మీ బాబుకు ఏడాది దాటింది కాబట్టి ఫర్వాలేదు. తల్లిపాలు తాగుతుంటే మామూలుకన్నా ఎక్కువసార్లు ఇవ్వండి.

పల్లెల్లో ఇంకా జరిగే రెండు పనులు గట్టిగా వద్దంటున్నాను. ఒకటి, ముక్కులో నూనె చుక్కలు వేయడం. కొబ్బరి నూనైనా, ఆముదమైనా ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా అవుతుంది. రెండు, కర్పూరం. మెత్తగా నూరి ఛాతీకి రుద్దడం, మూటగట్టి మెడలో వేయడం చూస్తుంటాం. పిల్లవాడు ఆ మూటను నోట్లో పెట్టుకుంటాడు. కర్పూరం కడుపులోకి పోతే కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావొచ్చు. కర్పూరం ఉన్న బామ్‌లు కూడా రెండేళ్లలోపు పిల్లలకు పనికిరావు. ఆవిరి పట్టడం కూడా పిల్లలకు వద్దు. దుప్పటి కింద మరిగే నీళ్ల గిన్నె ఉంటే, ఒక్కసారి కాలు తగిలిందంటే ఒళ్లంతా కాలుతుంది.

జ్వరం ఉంటేనే పారాసెటమాల్. సర్దికి అది మందు కాదు, జ్వరానికి, ఒళ్లు నొప్పులకు. పిల్లలకు దాని లెక్క వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 ఎంజీ, ఒక్క మోతాదుకు. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఎడం. రోజు మొత్తంలో నాలుగు సార్లకు మించొద్దు. అంగన్‌వాడీలో బాబును తూచే ఉంటారు, ఆ కార్డు చూడండి. పది కిలోలున్నాడనుకుందాం. మోతాదుకు 100 నుంచి 150 ఎంజీ. ఇప్పుడు సీసా తిప్పి చూడాలి. పారాసెటమాల్ పిల్లల సిరప్ మన షాపుల్లో ఒకటే బలంతో రాదు. 5 ఎంఎల్‌లో 120 లేదా 125 ఎంజీ ఉండేది ఒకటి, 5 ఎంఎల్‌లో 250 ఎంజీ ఉండేది ఇంకొకటి. మొదటిదైతే బాబుకు 5 ఎంఎల్, రెండోదైతే 2.5 ఎంఎల్ చాలు. చుక్కల సీసా ఉంటుంది చూడండి, చిన్నది, డ్రాపర్‌తో వచ్చేది, అది మరీ చిక్కన. ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ ఉంటుంది. చుక్కల మందును సిరప్ అనుకుని చెంచాతో 5 ఎంఎల్ పోస్తే 500 ఎంజీ, పెద్దవాళ్ల గోలీ అంత, పది కిలోల పిల్లవాడి కడుపులో పడ్డట్టే. చిన్న సీసా కదా, మందు తక్కువే ఉంటుందిలే అనుకోవడంతోనే ఈ పొరపాటు జరుగుతుంది.

ఆరేళ్ల పాపకు దగ్గు సీసా చట్టం ప్రకారం నిషేధమేమీ కాదు, కానీ అవసరం లేదు. పడుకునే ముందు ఒక టీస్పూన్ తేనె, పుక్కిలించడం వస్తే గోరువెచ్చని గ్లాసు నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు కలిపి రోజుకు రెండు మూడు సార్లు. జ్వరం వస్తే, 18 కిలోలున్న పాపకు 250 బలం సిరప్ 5 ఎంఎల్ సరిపోతుంది. డాక్టరు చూసి దగ్గు మందు రాస్తే అది పాపకు రాసిన సీసానే కావాలి. పెద్దవాళ్ల సీసా నుంచి "సగం" అనే లెక్క ఎక్కడా పుస్తకంలో లేదు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వొద్దు, వైరస్ జ్వరాల్లో కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ అనే ప్రమాదం ఉంది. నిమెసులైడ్ 12 ఏళ్లలోపు వాళ్లకు మన దేశంలో 2011 నుంచే నిషిద్ధం. ఇంట్లో పెద్దల కోసం తెచ్చిన నిమెసులైడ్ గోలీ ముక్క చేసి పిల్లలకు వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

"సగం చెంచా పోస్తున్న" అన్నారు. ఏ చెంచా అమ్మా? ఈ రాత్రి మీ వంటింట్లో ఒక చిన్న పని చేయండి. సీసా మూత మీద పెట్టుకుని వచ్చిన ప్లాస్టిక్ కొలత మూతలో 5 గీత వరకు నీళ్లు పోసి, వాటిని మీరు వాడే చెంచాలోకి వంచండి. చక్కెర చెంచా పొంగి పారుతుంది, కూర వడ్డించే చెంచా సగం కూడా నిండదు. ఇంట్లో ఉన్న ఏ రెండు చెంచాలూ ఒక్క లెక్కకు రావు. అందుకే మందును కొలత మూతతోనే పోయాలి. మూతను చేతిలో ఎత్తి పట్టి కాదు, గట్టు మీద పెట్టి, కళ్లు గీతకు సమానంగా వంచి చూడాలి. పసివాళ్లకైతే సూది లేని 5 ఎంఎల్ సిరంజి ఇంకా మంచిది. మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు. సిరంజి కొనను నాలుక మీద కాదు, బుగ్గ లోపలి వైపు ఆనించి మెల్లగా వదిలితే ఉమ్మేయడు, పొరబోదు. అడుగున మందు పేరుకునే సీసాలను ప్రతిసారీ బాగా కదిపి పోయాలి. కదపకపోతే మొదట్లో నీళ్లు, సీసా అడుగుకు వచ్చేసరికి చిక్కటి మందు పడుతుంది. కరెంటు లేనప్పుడు చీకట్లో తడుముకుంటూ మందు పోయకండి, ఫోను లైటు వేసుకోండి.

ఇక గోలీల సెట్ల దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఒక్కో స్ట్రిప్ నుంచి ఒక్కో గోలీ కత్తిరించి, నాలుగు రంగుల గోలీలు కాయితంలో చుట్టి "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని ఇస్తారు. పేరు పోయింది, గడువు తేదీ పోయింది, ఎంత బలమో పోయింది. అందులో ఏముంటుందంటే, మామూలుగా ఒక పారాసెటమాల్, ఒక సర్ది గోలీ, ఒక నొప్పుల గోలీ, చాలాసార్లు ఒక యాంటీబయాటిక్. ఒక్కోసారి ఇంత చిన్న గోలీ కూడా ఉంటుంది, డెక్సామెథసోన్ లేదా బీటామెథసోన్. అది స్టెరాయిడ్. దాంతో ఒంట్లో హుషారు వచ్చినట్టు, గొంతు తేలికైనట్టు ఉంటుంది. అందుకే "ఆ షాపు మందు భలే పనిచేస్తది" అనే పేరు వస్తుంది. మీ అత్తమ్మలాంటి షుగర్ మనిషికి అదే గోలీ నాలుగు రోజుల్లో షుగర్‌ను 300, 400 దాటించగలదు, బీపీ పెంచగలదు. యాంటీబయాటిక్ సంగతికొస్తే, వైరస్ మీద అది పనిచేయనే చేయదు. విరేచనాలు పట్టుకుంటాయి, రేపు నిజంగా నిమోనియా వచ్చిన రోజు ఆ మందుకు క్రిములు లొంగకుండా పోతాయి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు. షాపులో కౌంటర్ మీద దొరికింది కాబట్టి అడగకుండా వాడుకోవచ్చు అన్న లెక్క తప్పు.

షాపులో ఇక నుంచి ఇలా అడగండి: "పేరు, తేదీ ఉన్న భాగం ఉంచి కత్తిరించండి." రెండు గోలీలే కావాలన్నా సరే. స్ట్రిప్‌కు ఒక కొసన పేరు, బ్యాచ్, గడువు తేదీ ఉంటాయి, కత్తెర అవతలి కొస నుంచి పడితే అవి మిగులుతాయి. బిల్లు అడగడానికి మొహమాటపడకండి. బిల్లులో బ్యాచ్ నెంబరు ఉంటుంది, అది మీకు ఎందుకు కావాలో కిందకు చదివితే తెలుస్తుంది.

స్ట్రిప్ చేతికి వచ్చాక ముందున్న పెద్దక్షరాల పేరు వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో "ఈచ్ ట్యాబ్లెట్ కంటెయిన్స్" అన్న చోట చదవాలి. సీసా మీదైతే "ఈచ్ 5 ఎంఎల్ కంటెయిన్స్" అని ఉంటుంది. ఇంగ్లీషు చదవడం కష్టమైతే బడికి పోయే పిల్లలెవరితోనైనా చదివించండి, లేదా ఆశా కార్యకర్తను అడగండి. సర్ది గోలీల్లో తిరిగి తిరిగి వచ్చేవి నాలుగైదు పేర్లే: పారాసెటమాల్, క్లోర్‌ఫెనిరమిన్ లేదా సెట్రిజిన్, ఫినైలెఫ్రిన్, కెఫీన్. దగ్గు సీసాల్లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్, అంబ్రాక్సాల్, బ్రోమ్‌హెక్సిన్, గ్వయిఫెనెసిన్, టెర్బుటలిన్. ఈ పది పేర్లు పట్టుకుంటే ఏ కంపెనీ సీసా వచ్చినా మీరు చదవగలరు.

పారాసెటమాల్ మీద కన్ను ఎందుకు పెట్టాలో, మీ అత్తమ్మ ఇలాంటి గోలీలు వేసుకుంటోందనుకుని లెక్క చూద్దాం. జ్వరానికని డోలో 650 రోజుకు మూడు, అంటే 1950 ఎంజీ. సర్దికని ఇంకో గోలీ మూడు పూటలు, అందులోనూ చాలా రకాల్లో 500 ఎంజీ పారాసెటమాల్ ఉంటుంది, అంటే 1500. ఒళ్లు నొప్పులకని ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన గోలీ రెండు పూటలు, ఒక్కో దాంట్లో 325 చొప్పున 650. కూడితే 4100 ఎంజీ. ఆరోగ్యంగా, 50 కిలోల పైన ఉన్న పెద్ద మనిషికే రోజుకు 4000 దాటకూడదు. బక్కపలుచగా ఉన్న పెద్దామెకు, తాగే అలవాటున్నవాళ్లకు, కాలేయం జబ్బున్నవాళ్లకు ఇంకా తక్కువ. 48 కిలోల మనిషికి 3000 లోపే ఉంచాలి. మూడు వేర్వేరు మందులు వేసుకుంటున్నాననే అనుకుంటుంది ఆమె, వేసుకునేది మాత్రం మూడింట్లోనూ ఒకటే మందు. పారాసెటమాల్ ఎక్కువైతే వెంటనే ఏమీ తెలియదు. మొదటి రోజు కాస్త వికారం, అంతే. రెండో మూడో రోజుకు కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడతాయి. దీనికి విరుగుడు మందు ఉంది, కానీ ఎనిమిది గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. కాబట్టి ఎక్కువ వేసుకున్నట్టు తేలితే బాగానే ఉన్నాను కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

అత్తమ్మ బీపీ సంగతి మరొకటి. ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడ తగ్గిస్తుందని కలుపుతారు. అది రక్తనాళాలను బిగిస్తుంది, బీపీ పెంచగలదు. గుండె జబ్బు, థైరాయిడ్ ఎక్కువ ఉన్నవాళ్లకూ మంచిది కాదు. పైగా నోటి ద్వారా తీసుకునే మోతాదులో అది ముక్కు దిబ్బడకు పనిచేయడం లేదని 2023 సెప్టెంబర్‌లో అమెరికా ఔషధ సంస్థ సలహా సంఘమే తేల్చింది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పుల గోలీలు కూడా బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు భారమవుతాయి. ఒళ్లు నొప్పికి ఆమెకు పారాసెటమాల్ 500 ఎంజీ ఒక్కటి, అవసరమైనప్పుడు ఆరు గంటల ఎడంతో, చాలు. దగ్గు సిరప్‌లలో చక్కెర పాకం ఉంటుంది, తప్పదనుకుంటే షుగర్ ఫ్రీ అడగండి. తేనె కూడా ఆమెకు చక్కెర కిందే లెక్క. ఉప్పు నీళ్ల పుక్కిలింత, వేడి నీళ్లు, చక్కెర వేయని శొంఠి కషాయం ఆమెకు నప్పుతాయి.

గోలీ వేసుకుంటేనే నిద్ర పడుతోందంటే అది సర్ది తగ్గి వచ్చిన నిద్ర కాదమ్మా, బహుశా సర్ది గోలీలోని క్లోర్‌ఫెనిరమిన్ మత్తు. ఆ వయసులో ఈ మత్తు వల్ల అర్ధరాత్రి మూత్రానికి లేచి తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. కొందరికి తికమక పట్టి మాటలు తడబడతాయి. ఇంట్లో ప్రోస్టేట్ ఉబ్బిన మామగారి వయసు మగవాళ్లుంటే ఈ మందుతో మూత్రం పూర్తిగా బిగుసుకుపోవచ్చు. కళ్లలో నీటి కాసులు ఉన్నవాళ్లకూ వద్దు.

ఇంకొక్క మాట, ఇది చాలామందికి తెలియదు. అత్తమ్మ బీపీ గోలీ పేరు చూడండి. ఎనాలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, ఇలా చివర "ప్రిల్" అని ఉంటే, ఆ మందే కొందరికి గొంతులో గీరినట్టు పొడి దగ్గు తెస్తుంది. మందు మొదలుపెట్టిన వారాల్లోనో నెలల్లోనో వస్తుంది, ఎన్ని సీసాలు తాగినా పోదు. అలాంటప్పుడు మీకు మీరు ఆపొద్దు, డాక్టరుకు చెబితే వేరే రకానికి మారుస్తారు. అమ్లోడిపిన్, టెల్మిసార్టన్ అయితే దగ్గుకు కారణం వేరే వెతకాలి.

మీ ఆయన విషయంలో నా భయం సర్ది గురించి కాదు, స్టీరింగు గురించి. క్లోర్‌ఫెనిరమిన్ రాత్రి వేసుకున్నా పొద్దున్నదాకా ఒంట్లో ఉంటుంది. సెట్రిజిన్ కూడా కొందరిని మత్తులో ముంచుతుంది. వడ్ల లోడుతో రాత్రి మిర్యాలగూడ రోడ్డు మీద రెప్ప వాలితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. బండి నడిపే రోజుల్లో ఈ గోలీలు వద్దే వద్దు. పారాసెటమాల్, పుక్కిలింత, ఆవిరితో గడపాలి. ఆవిరి పట్టేటప్పుడు గిన్నెను ఒడిలో పెట్టుకోకుండా గట్టు మీద పెట్టి పట్టాలి, నీళ్లు పొయ్యి మీద నుంచి దించాక రెండు నిమిషాలు ఆగాలి.

కల్లు అలవాటుంటే సూటిగా చెప్పాలి. మద్యమైనా కల్లైనా సర్ది గోలీల మత్తును రెట్టింపు చేస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలాం, డైజెపాం కలిపిన కేసులు కొత్తవి కావు. ఆ కల్లు తాగి, మీద మత్తు గోలీ వేసుకుని పడుకున్న మనిషికి నిద్రలోనే ఊపిరి మందగించొచ్చు. సర్ది మందు వేసుకున్న రోజు చుక్క ముట్టొద్దు. ఇంట్లో ఎవరైనా దిగులుకు, నిద్రకు మానసిక వైద్యుడి గోలీలు వాడుతుంటే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సీసా వాళ్లకు ఇవ్వొద్దు, రెండూ పొసగవు.

ఆయన దగ్గుకు ఇంకో కారణం వడ్ల దుమ్ము కావొచ్చు. కోతల కాలంలో కల్లాల దగ్గర, ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర, మిల్లుల దగ్గర తిరిగేవాళ్లకు సీసా తాగితే పోయే దగ్గు కాదది. మాస్కు పెట్టుకుంటే తగ్గుతుంది. రాత్రిపూట పిల్లికూతలు వస్తుంటే ఆస్తమా ఏమో చూపించుకోవాలి. టెర్బుటలిన్ ఉన్న సీసాలు గాలి గొట్టాలను విప్పడానికే కలుపుతారు, కానీ గుండె దడ, చేతులు వణకడం తెస్తాయి. మామూలు సర్ది దగ్గుకు అది ఎందుకూ అక్కర్లేదు.

పెద్దవాళ్లకు సీసా కావాలనే అనుకుంటే ఒక్కటే చూడండి. పొడి దగ్గు రాత్రి నిద్ర చెడగొడుతుంటే డెక్స్‌ట్రోమెథార్ఫాన్. తెమడ పడుతుంటే అంబ్రాక్సాల్, బ్రోమ్‌హెక్సిన్, గ్వయిఫెనెసిన్ లాంటివి, నీళ్లు బాగా తాగుతూ. దగ్గును ఆపేదీ, తెమడను కదిలించేదీ ఒకే సీసాలో కలిపి ఉంటే పక్కన పెట్టండి. తెమడను కదిలించి, అది బయటికి వచ్చే దారి మూసేసినట్టే అవుతుంది.

ముక్కులో వేసే జైలోమెటాజొలిన్, ఆక్సీమెటాజొలిన్ చుక్కలు వేయగానే ముక్కు తెరుచుకుంటుంది, నిజమే. మూడు రోజులు, మహా అయితే ఐదు. అంతకు మించితే మందు ప్రభావం పోగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు వేయాల్సి వస్తుంది. నెలల తరబడి జేబులో ఆ సీసాతో తిరిగేవాళ్లు ఇలా తయారైనవాళ్లే. బీపీ ఉన్న అత్తమ్మ డాక్టరును అడగకుండా వాడొద్దు. సెలైన్ చుక్కలకు ఈ గొడవ లేదు.

ఇప్పుడు టీవీలో చూసిన సంగతి. 2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా, దాని చుట్టుపక్కల జిల్లాల్లో 20 మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. వాళ్లు తాగిన కోల్డ్రిఫ్ అనే సిరప్ ఎస్‌ఆర్-13 బ్యాచ్‌ను తమిళనాడు ప్రయోగశాల పరీక్షిస్తే అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉందని తేలింది. ఉండదగింది 0.1 శాతం లోపే. అది పరిశ్రమల్లో వాడే తియ్యటి ద్రావకం. సిరప్‌లో మందును కరిగించడానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వాడతారు. ఔషధాలకు పనికొచ్చే శుద్ధమైన సరుకు బదులు కల్తీ సరుకు పడితే ఈ విషం సీసాలోకి వస్తుంది. రంగు, వాసన, రుచి చూసి ఇంట్లో ఎవరూ పట్టుకోలేరు. మన రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం అక్టోబర్ 4నే ఆ బ్యాచ్ వాడొద్దని తెలంగాణలో హెచ్చరించింది. బిల్లు, బ్యాచ్ నెంబరు ఉంచుకోమన్నది ఇందుకే. ఇలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు మీ సీసా అదేనా కాదా అని చూసుకోవడానికి మీ చేతిలో ఉండే ఆధారం ఆ నెంబరు ఒక్కటే. మందు అయిపోయేదాకా పెట్టె పారేయకండి, సిరప్‌ను వేరే సీసాలోకి వంపకండి. అనుమానం ఉంటే ఆ విభాగం టోల్ ఫ్రీ నెంబరు 1800-599-6969కు పని దినాల్లో ఫోన్ చేయొచ్చు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు ఇది: ప్రతి సీసాలో విషం ఉండదు, కానీ అక్కర్లేని సీసా పోయకపోతే పిల్లలకు ఆ ప్రమాదమే ఉండదు.

ఇంట్లో మందులన్నీ ఒక డబ్బాలో, పిల్లలకు అందని అటక మీద పెట్టండి. మందు తాగించడానికి "చాక్లెట్" అని, "తియ్యటి జ్యూస్" అని చెప్పొద్దు. అలా చెబితే ఆరేళ్ల పాప ఎలాగోలా అటక ఎక్కి తమ్ముడికి కూడా పోసి పెడుతుంది.

దవాఖానకు ఎప్పుడు పోవాలో చెబుతాను. బాబు నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోనులో నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. పూర్తిగా అరవై సెకన్లు లెక్కపెట్టాలి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించొద్దు. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లలకు నిమిషానికి 40 లేదా అంతకు మించితే నిమోనియా అనుమానం, అదే రోజు చూపించాలి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకు ఆ లెక్క 50, రెండు నెలల్లోపు పసికందుకు 60. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలం తిరిగినా, ఫిట్స్ వచ్చినా లెక్కపెడుతూ కూర్చోకుండా 108కు ఫోన్ చేయండి. మీకు దగ్గరి పీహెచ్‌సీ సరిపోకపోతే మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రి, నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. పెద్దవాళ్లలో ఆయాసం, ఛాతీ నొప్పి, తెమడలో రక్తం, మూడు రోజులు దాటిన జ్వరం, తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగిన జ్వరం, ఇవన్నీ అదే రోజు చూపించాల్సినవి. అత్తమ్మ షుగర్ ఈ వారంలోనే ఒకసారి పరీక్ష చేయించండి, ఆ సెట్‌లో స్టెరాయిడ్ ఉందో లేదో మనకు తెలియదు కదా. తిండి సరిగా పోకపోతే షుగర్ గోలీ మోతాదు గురించి కూడా అక్కడే అడగండి.

మీ ఇంట్లో ఇప్పటికి వారం అయింది. ఇంకో వారానికి ఎవరికైనా దగ్గు తగ్గకుండా ఉంటే ఇంకో సీసా కొనకుండా పీహెచ్‌సీలో తెమడ పరీక్షకు ఇవ్వండి. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష చేయాలన్నది నియమం. పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ సోకే అవకాశం ఎక్కువ కాబట్టి అత్తమ్మ విషయంలో ఆ వారం లెక్క మరిచిపోకండి. తెమడ ఇచ్చేటప్పుడు పొద్దున్నే నోరు నీళ్లతో పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి తీసిందే డబ్బాలో వేయాలి. ఉమ్మి వేస్తే పరీక్షలో ఏమీ తేలదు.